రాతి వాకిలి దొరలు: జార్జియాలో బగ్వాషీల 227 ఏళ్ల కథ

జార్జియా అనగానే ఇప్పుడు మనలో చాలామందికి గుర్తొచ్చేది ఎంబీబీఎస్. టిబిలిసిలో చదువుకుంటున్న మన పిల్లలు సెలవుల్లో కొండల్లోకి వెళ్లి, కూలిపోయిన ఏదో కోట ముందు ఫొటో దిగి ఇంటికి పంపుతుంటారు. 'ఎవరో డ్యూక్ కట్టించాడట' అని కింద ఒక ముక్క రాస్తారు. ఆ 'ఎవరో' ఎవరని వెతకడం మొదలుపెడితే తల తిరుగుతుంది. లిపరిత్ అనే పేరు నలుగురైదుగురికి ఉంటుంది. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వాళ్లకూ ఉంది కాబట్టి రతి తర్వాత లిపరిత్, లిపరిత్ తర్వాత మళ్లీ రతి. ఎవరికి ఎన్నో నంబరు వేయాలన్న దాంట్లో చరిత్రకారులకే పొత్తు కుదరదు. ఒకచోట వంశం పేరు బగ్వాషి, ఇంకోచోట లిపరిత్ వంశం, మరోచోట ఓర్బెలియాని. పైగా ఒకే మనిషి ఒక గ్రంథంలో దేశద్రోహి, పక్క దేశపు గ్రంథంలో మహావీరుడు.

ఈ ముడి విప్పడానికి మధ్యయుగపు జార్జియాలోని ఒక్క సంస్థానాన్ని తీసుకుందాం. దాని పేరు క్ల్దెకారి, ఏలింది బగ్వాషీలు. సుమారు 876లో పుట్టి 1103 ప్రాంతంలో ముగిసింది.

'డ్యూక్' అన్నది మనం పెట్టుకున్న పేరు

ఇంగ్లీషు పుస్తకాలు డ్యూక్ అని రాసే పదవికి జార్జియన్ భాషలో పేరు ఎరిస్తవి. 'ఎరి' అంటే జనం, పాతకాలపు వాడుకలో సైన్యం కూడా. 'తవి' అంటే తల. సైన్యానికి తలకాయ అన్నమాట. మన దండనాయకుడికి దగ్గరి మాట. అతని ఏలుబడిలోని ప్రాంతం సాఎరిస్తవో. ముందు 'సా', చివర 'ఓ' చేరిస్తే ఆ మనిషికి చెందిన చోటు అని అర్థం వస్తుంది. జార్జియన్లు తమ దేశాన్ని సాకార్త్వెలో అని పిలుచుకునేది కూడా ఇలాగే: కార్త్వేలీలు ఉండే చోటు.

మొదట్లో ఇది రాజు ఇచ్చే ఉద్యోగం. ఫలానా లోయలో పన్ను వసూలు చెయ్యి, కోట కాపాడు, యుద్ధమొస్తే మనుషులతో రా, అంతే. కానీ తండ్రి చేసిన పని కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి వచ్చేసరికి అది ఉద్యోగమన్న సంగతి అందరూ మరిచిపోతారు. కోట మా తాత కట్టాడు, పొలం మాది, రైతులు మావాళ్లు అన్న మాట మొదలవుతుంది. తొమ్మిది నుంచి పదకొండో శతాబ్దం దాకా జార్జియా రాజులకూ ఎరిస్తవులకూ జరిగిన గొడవలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. సాఎరిస్తవో రాజు ఇచ్చిన కొలువా, ఇంటి ఆస్తా?

ఇంకో చిన్న చిక్కు కూడా ఉంది. తర్వాతి కాలంలో ఈ పదవే కొన్ని కుటుంబాలకు ఇంటిపేరైపోయింది. క్సాని, అరగ్వి, రాచా, గురియా ప్రాంతాల పాలక వంశాలు అన్నీ ఎరిస్తవి అనే రాసుకున్నాయి. రష్యన్ పాలనలో అది ఎరిస్తోవ్ అయింది. పేరు కలిసిందని వీళ్లంతా ఒక్క వంశమని అనుకోకూడదు. మన దగ్గర దేశ్‌ముఖ్‌లంతా చుట్టాలు కారు కదా.

కొండ సందులో గుమ్మం

'క్ల్దె' అంటే బండరాయి, 'కారి' అంటే తలుపు. క్ల్దెకారి అంటే రాతి వాకిలి. టిబిలిసికి నైరుతి దిక్కున త్రియలేతి పర్వతాల్లో ఉన్న ఒక కనుమ అది. ఇప్పటి త్సల్కా ప్రాంతం సుమారుగా ఆ పాత త్రియలేతికి సరిపోతుంది.

ఆ కనుమకు అంత విలువెందుకో ఒక ఊహాపటం గీసుకుంటే తెలుస్తుంది. తూర్పున టిబిలిసి. అప్పట్లో అది అరబ్బు ఎమీర్ చేతిలో ఉంది. నైరుతిలో జవఖేతి పీఠభూమి, దాని అవతల తావో-క్లార్జెతి. జార్జియాను తర్వాత ఏకం చేసిన బగ్రతియోని రాజుల సొంత గడ్డ అదే. ఇక్కడి నుంచి అక్కడికి సైన్యం నడవాలన్నా, సరుకు కదలాలన్నా త్రియలేతి కొండలు దాటాలి. దాటే సందుల్లో ముఖ్యమైన దానికి ఒకడు తలుపు బిగించి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అతనే మొదటి లిపరిత్.

బగ్వాషీలు ఈ ప్రాంతం వాళ్లు కారు. వాళ్ల సొంతూరు పశ్చిమ జార్జియాలోని అర్గ్వేతి. అప్పటి అబ్ఖాజియా రాజులతో చెడి, అక్కడి నుంచి వెళ్లగొట్టబడి, 870ల్లో తూర్పుకి వచ్చారు. లిపరిత్ త్రియలేతిని ఆక్రమించి కోట కట్టి, బగ్రతియోని వంశానికి చెందిన కురోపలాతి దావిత్‌ను తన ప్రభువుగా ఒప్పుకున్నాడు. (కురోపలాతి అనేది కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఏలిన తూర్పు రోమన్, అంటే బైజాంటైన్, చక్రవర్తులు ఇచ్చే బిరుదు.) ఆ వరుస గమనించండి. ముందు నేల పట్టాడు, తర్వాత కోట కట్టాడు, ఆ తర్వాతే ప్రభువును ఎంచుకున్నాడు. దావిత్ ఇచ్చింది ఆమోదం మాత్రమే. ఈ ఇంటివాళ్లు తర్వాత రెండు శతాబ్దాలు ఎందుకలా ప్రవర్తించారో అర్థం కావాలంటే ఈ మొదటి రోజు దగ్గరికే రావాలి.

989: మొదటి దెబ్బ

వందేళ్లు గడిచేసరికి మ్త్క్వరి నదికి దక్షిణాన అతేని కోట, త్రియలేతి, మంగ్లిసి లోయ, ఇంకా చాలా భూమి రతి బగ్వాషి చేతిలోకి వచ్చింది. ఆ నదినే మన పాఠ్యపుస్తకాలు కురా అంటాయి. అటు బగ్రతియోని వారసుడు మూడో బగ్రత్ అప్పటికి అబ్ఖాజియా సింహాసనం ఎక్కి, ముక్కలైన జార్జియాను ఒకటి చేసే పనిలో ఉన్నాడు. 989 ప్రాంతంలో, రతి ఎదురుచూడని చలికాలంలో, సైన్యంతో వచ్చి క్ల్దెకారిని చుట్టుముట్టాడు. రతి కోట అప్పగించి, కొడుకు లిపరిత్‌ను రాజు కొలువుకు పంపి, తాను అర్గ్వేతిలోని పాత ఇంటికి వెళ్లిపోయాడు.

రాజు గెలిచాడు. మరి వంశాన్ని పెకలించలేదేం? పెకలిస్తే ఆ కనుమను ఎవరు కాస్తారు? కొత్తవాణ్ని పెడితే పదేళ్లలో వాడూ ఇలాగే తయారవుతాడు. పాతవాళ్లకు స్థానికుల్లో పట్టుంది, యుద్ధానికి మనుషులున్నారు. అందుకని దండించి మళ్లీ అక్కడే ఉంచడం. ఈ వంశం కథలో ఈ సీను మళ్లీ మళ్లీ వస్తుంది.

రాజును మించిన ఎరిస్తవి

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. ఇప్పటి లెక్కలో ఇతను నాలుగో లిపరిత్.

1027లో నాలుగో బగ్రత్ రాజయ్యేటప్పటికి అతనికి తొమ్మిదేళ్లు. మరుసటి ఏడాది బైజాంటైన్ సైన్యం త్రియలేతి దాకా చొచ్చుకొచ్చినప్పుడు క్ల్దెకారి దగ్గర అడ్డు నిలిచింది లిపరిత్. పిల్లాడి రాజ్యాన్ని నిలబెట్టిన చేతుల్లో అతనివి ముఖ్యమైనవి. పదేళ్ల తర్వాత రాజూ లిపరిత్ కలిసి టిబిలిసిని ముట్టడించారు. రెండేళ్లు సాగిందా ముట్టడి. ఊళ్లో తిండి గింజలు అయిపోయి గాడిద మాంసాన్ని కూడా విపరీతమైన ధర పెట్టి కొనుక్కున్నారు. ఎమీర్ పారిపోవడానికి సిద్ధపడ్డాడు. సరిగ్గా ఆ సమయంలో బగ్రత్ లిపరిత్‌కు చెప్పకుండా ఎమీర్‌తో సంధి చేసుకుని ముట్టడి ఎత్తేశాడు. టిబిలిసి పడితే లిపరిత్‌ను ఇక పట్టలేమని రాజు చుట్టూ ఉన్న దొరలు భయపడి ఉండాలి.

జార్జియన్ వృత్తాంతం ప్రకారం రాజుకీ ఎరిస్తవికీ పగ మొదలైంది ఇక్కడే. బైజాంటైన్ చరిత్రకారుడు స్కిలిత్సెస్ కారణం వేరే చెప్పాడు: బగ్రత్ లిపరిత్ భార్యపై అత్యాచారం చేశాడని. రెండిట్లో ఏది నిజం? స్కిలిత్సెస్ దూరంగా కాన్‌స్టాంటినోపుల్‌లో కూర్చుని విన్నది రాశాడు. జార్జియన్ రచయిత రాజవంశం పరువు చూసుకోవాల్సినవాడు, అలాంటి సంగతి తెలిసినా రాయడు. ముట్టడి గొడవ ఒక్కటే పగకు సరిపోయేంత బలమైన కారణం కాబట్టి నేను అటే మొగ్గుతాను. రెండోదాన్ని కొట్టిపారేయడానికి మాత్రం ఆధారం లేదు.

పగబట్టిన లిపరిత్ ఏం చేశాడంటే, బగ్రత్ సవతి తమ్ముడు దెమెత్రెను బైజాంటైన్ అండతో పోటీ రాజుగా నిలబెట్టాడు. సాసిరేతి దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. 1042 అని కొందరు, 1046-47 అని మరికొందరు అంటారు. ఇందులో మన కళ్లు పెద్దవయ్యే సంగతి ఒకటుంది. బగ్రత్ పక్షాన వరాంగులు అనే ఉత్తరాది యోధులు పోరాడారు. స్కాండినేవియా నుంచి రష్యా నదుల మీదుగా దిగివచ్చిన మనుషులు! మొత్తం 3,000 మంది రాగా, రాజు అందులో 700 మందిని తీసుకుని మిగతా సైన్యం రాకముందే యుద్ధానికి దిగి ఓడిపోయాడు. తర్వాత కుదిరిన ఒప్పందంలో మ్త్క్వరి దక్షిణపు భూములు లిపరిత్‌వి, పేరుకు ప్రభువు బగ్రత్.

ఇప్పుడతని పరిస్థితి చూడండి. జార్జియా రాజుకు సామంతుడు. అదే సమయంలో బైజాంటైన్ చక్రవర్తి నుంచి మాగిస్త్రోస్ బిరుదు అందుకున్న మిత్రుడు. ఒకాయన కోప్పడితే ఇంకొకాయన గుమ్మం తట్టవచ్చు. అతని బలం కోటలో ఎంత ఉందో ఈ రెండో గుమ్మంలోనూ అంతే ఉంది.

శనివారం గొడవ

1048లో సెల్జూక్ తురుష్కులు బైజాంటైన్ సరిహద్దులు దాటారు. చక్రవర్తి తొమ్మిదో కాన్‌స్టంటైన్ తన సేనానులకు తోడుగా లిపరిత్ సాయం అడిగాడు. సెప్టెంబరులో కాపెత్రోన్ దగ్గర రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి. శత్రువు ఇంకా సర్దుకోలేదు, ఇప్పుడే మీద పడదామని బైజాంటైన్ సేనాని కతకలోన్ అన్నాడు. ఇవాళ శనివారం, నాకు అచ్చిరాని రోజు, యుద్ధం చేయనని లిపరిత్ మొండికేశాడట. స్కిలిత్సెస్ రాసిన ఈ మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. వెయ్యేళ్ల కింద, నల్ల సముద్రం అవతల, గుర్రం మీద కూర్చున్న సేనాధిపతి మన ఇంట్లో పెద్దవాళ్లలా వారం వర్జ్యం చూస్తున్నాడు!

శత్రువుకు ఆ పట్టింపు లేదు. సాయంత్రానికి వాళ్లే వచ్చి పడ్డారు. రెండు పక్కల ఉన్న బైజాంటైన్ దళాలు గెలిచి తెల్లారేదాకా శత్రువును తరిమాయి. మధ్యలో ఉన్న లిపరిత్ మాత్రం పట్టుబడ్డాడు. తెల్లవారాక లెక్క చూసుకుంటే గెలిచామన్నవాళ్ల దగ్గర లిపరిత్ లేడు. సెల్జూక్ సేనాని ఇబ్రహీం యినాల్ అతన్ని తీసుకుని వెళ్లిపోయాడు. చక్రవర్తి విడుదల కోసం రాయబారం నడిపాడు. సుల్తాన్ తుగ్రిల్ డబ్బు ముట్టుకోకుండా బందీని గౌరవంగా వదిలేశాడు. బదులుగా కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న మసీదును బాగుచేయించి, అక్కడ తుగ్రిల్ పేరుతో ప్రార్థన చదివించారని అరబ్ చరిత్రకారులు రాశారు.

తిరిగొచ్చిన లిపరిత్ ఇంకా బలపడ్డాడు. బగ్రత్ రాజు కాన్‌స్టాంటినోపుల్ వెళ్లి దాదాపు మూడేళ్లు అక్కడే చిక్కుకుపోయాడు. ఈలోగా లిపరిత్ రాజు కొడుకు గియోర్గిని రూయిసి చర్చిలో రాజుగా ప్రతిష్ఠించి, దేశాన్ని తానే నడిపాడు. ఇక్కడొక సంగతి తరచూ జారిపోతుంది. దేశం మొత్తం చేతిలో ఉన్నప్పుడు కూడా అతను తన తలమీద కిరీటం పెట్టుకోలేదు. బగ్రతియోని రక్తం ఉన్న పిల్లాణ్నే కూర్చోబెట్టాడు. రాజు ఎవరన్నది అతను మార్చగలడు, రాజవంశం ఏదన్నది మార్చలేడు.

చివరికి అతన్ని దింపింది తోటి దొరలే. ఒకప్పుడు లిపరిత్ చేతిలో బందీగా ఉన్న కల్మాఖి ఎరిస్తవి సులా 1060 ప్రాంతంలో లిపరిత్‌నూ కొడుకు ఇవానెనూ పట్టి రాజుకు అప్పగించాడు. లిపరిత్‌కు సన్యాసం ఇప్పించి ఆంటోన్ అని పేరు మార్చారు. కాన్‌స్టాంటినోపుల్‌లోనే చనిపోయాడు. శవాన్ని మాత్రం వంశం కట్టించుకున్న కాత్స్‌ఖి మఠానికి తెచ్చి పూడ్చారు. (రాతి స్తంభం మీద చిన్న చర్చి ఉన్న కాత్స్‌ఖి ఫొటోలు మీరు చూసే ఉంటారు. అది వేరు. ఈ మఠం ఆ దగ్గర్లోనే ఉంది.)

ద్రోహమా, ఆనాటి పద్ధతా?

జార్జియన్ రాజవంశ వృత్తాంతాలను బట్టి చూస్తే జవాబు తేలిక: ద్రోహి. సొంత రాజు మీదికి పరాయి సైన్యాన్ని తెచ్చాడు. దేశం ఏకం కావలసిన సమయంలో చీల్చాడు, టిబిలిసిని గెలవడం 80 ఏళ్లు ఆలస్యమైంది.

ఇంకో వాదన ఉంది. ఆ కాలపు జార్జియాలో ప్రభువుకూ సామంతుడికీ మధ్య ఉండే బంధాన్ని పత్రోన్‌ఖ్మోబా అనేవారు. ప్రభువు రక్షణ ఇవ్వాలి, సామంతుడు సేవ చేయాలి. అంటే బాధ్యత రెండువైపులా ఉంది. టిబిలిసి ముట్టడిలో ముందు మాట తప్పింది బగ్రత్ అని లిపరిత్ పక్షం వాళ్లు అనగలరు. ఇవాళ మనం 'దేశద్రోహం' అంటే మనసులో ఉండే 'దేశం' అప్పటికి సరిగ్గా తయారవ్వనే లేదు. పశ్చిమాన అబ్ఖాజియా, తూర్పున కార్త్లి కలిసిన రాజ్యానికి అప్పటికి ఇంకా ముప్పై, నలభై ఏళ్ల వయసు. బగ్వాషీలు త్రియలేతిలో ఉన్నది అంతకు నూట ముప్పై ఏళ్ల ముందు నుంచి.

మూడో కోణం బైజాంటైన్‌ది. బలమైన జార్జియా వాళ్ల తూర్పు సరిహద్దుకు తలనొప్పి. అందుకే లిపరిత్‌ను ఎత్తి, బగ్రత్‌ను దువ్వి, ఇద్దరినీ తక్కెడలో పెట్టారు. ఈ లెక్కలో లిపరిత్ పావు. అయితే చక్రవర్తి అతన్ని వాడుకున్నంతగా చక్రవర్తిని అతనూ వాడుకున్నాడు.

నా మట్టుకు రెండో వాదనలో బరువు ఎక్కువ కనిపిస్తుంది, కానీ దానికీ ఒక హద్దుంది. మాట తప్పిన ప్రభువును వదిలేయడం ఒప్పందంలో భాగమే అనుకున్నా, అతని రాజ్యాన్నే లాక్కుని ఏళ్లతరబడి ఏలడం ఏ ఒప్పందంలోనూ లేదు. తోటి దొరలే తిరగబడ్డారంటే వాళ్లకూ అది మితిమీరినట్టు కనిపించి ఉండాలి.

కుక్క తోక, ఎండ్రకాయ నడక

తర్వాతి తరం పాత పాటే పాడింది. ఇవానెను రాజు క్షమించి భూములు తిరిగి ఇచ్చాడు. రెండో గియోర్గి రాజయ్యాక, 1073 ప్రాంతంలో, అదే ఇవానె మరో ఇద్దరు దొరలతో కలిసి తిరగబడ్డాడు. రాజు సంష్విల్దె కోట ఇచ్చి రాజీపడ్డాడు. ఆ తర్వాత గాగి కోట బగ్వాషీల చేతిలోంచి గంజా ఎమీర్‌కు అమ్ముడైపోయింది. ఈలోగా పాత ఆట నియమాలే మారిపోయాయి. సెల్జూక్ సుల్తాన్ మాలిక్ షా వచ్చి సంష్విల్దెను పట్టుకుని ఇవానెనే ఖైదు చేశాడు. తట్టడానికి పక్కన ఉన్న రెండో గుమ్మం ఒకప్పటి బైజాంటైన్‌ది కాదు.

1089లో పదహారేళ్ల నాలుగో దావిత్ రాజయ్యాడు. 'కట్టేవాడు' అనే అర్థమిచ్చే అఘ్మషెనెబెలి బిరుదుతో జార్జియన్లు ఇప్పటికీ తలుచుకునే రాజు. ఇవానె కొడుకు లిపరిత్‌ను కుట్ర చేశాడని పట్టుకున్నాడు, ఒట్టు వేయించుకుని వదిలాడు. మళ్లీ అదే బుద్ధి చూపాడని రెండోసారి పట్టి రెండేళ్లు జైల్లో ఉంచి, బైజాంటైన్ దేశానికి తరిమేశాడు. దావిత్ చరిత్ర రాసిన ఆస్థాన రచయిత ఇక్కడొక సామెత వాడాడు: కుక్క తోక తిన్నగా కాదు, ఎండ్రకాయ తిన్నగా నడవదు. మొదటి సగం మనదే అనిపిస్తుంది కదూ.

సామెత బాగుంది. అయితే అది ఎవరి నోట్లోంచి వచ్చిందో మరవకూడదు. ఆ రచయిత దావిత్ మనిషి. లిపరిత్ కొడుకు రతిని 'పాము పిల్ల' అని, వంశం మొత్తాన్ని బతుకు చేదు చేసే ఇల్లు అని రాసింది కూడా ఆయనే. మరోవైపు అర్మేనియన్ రచయితలు నాలుగో లిపరిత్ గురించి రాసేటప్పుడు వీరుడని మెచ్చుకున్నారు. బగ్వాషీలు తమ కథ తాము రాసుకున్న గ్రంథం ఏదీ మన చేతికి రాలేదు.

ఓర్బెలీలు చుట్టాలా?

వంశవృక్షం చిక్కు ఇంకా మిగిలే ఉంది. దీన్ని త్వరగా తేల్చేద్దాం. బగ్వాషీల్లో ఒక కొమ్మ ఉత్తరాన రాచా ఎరిస్తవులైంది. కఖబెర్ పేరు మీద కఖబెరిద్జెలు అయ్యారు ('ద్జె' అంటే కొడుకు). 1278లో తిరగబడి వాళ్లూ పదవి పోగొట్టుకున్నారు. చాలాకాలం తర్వాత రాచాను ఏలిన ఛ్ఖేయిద్జెలు వేరే కుటుంబం.

ఓర్బెలీల సంగతి తగాదా. ఓర్బెతి అనే కోట పేరు మీద వచ్చిన ఇంటిపేరది. ఊరి పేరే ఇంటిపేరు కావడం మనకు కొత్తేం కాదు. పన్నెండో శతాబ్దంలో జార్జియా సర్వసేనాధిపతులు వీళ్లే. 1177లో మూడో గియోర్గి మీద తిరగబడి నాశనమయ్యారు. బతికి బయటపడిన కొమ్మ అర్మేనియాలోని స్యూనిక్‌లో నిలదొక్కుకుంది. ఆ ఇంట్లో పుట్టిన స్తెపానోస్ ఓర్బెలియన్ అనే బిషప్ పదమూడో శతాబ్దం చివర్లో వంశచరిత్ర రాస్తూ, తమ మూలపురుషులు 'చెన్' దేశం నుంచి, అంటే చైనా వైపు నుంచి, వచ్చారని, నాలుగో లిపరిత్ తమ పూర్వీకుడేనని చెప్పుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దపు చరిత్రకారుడు సిరిల్ తుమానోఫ్ ఈ వంశాలన్నిటినీ అర్మేనియాలోని పాత దొరల వంశమైన మామికోన్యన్ల శాఖగా లెక్కగట్టాడు. వాళ్లదీ 'చెన్' కథే కాబట్టి. బగ్వాషీలు అర్గ్వేతి నుంచి వచ్చిన జార్జియన్లు, అంతకు వెనక్కి వెళ్లడానికి కథలు తప్ప ఏమీ లేవన్నది మరో వర్గం మాట. రెండు వందల ఏళ్ల తర్వాత ఒక బిషప్ తన వంశానికి గొప్ప తాతను వెతుక్కున్నాడంటే కొంచెం అనుమానంగా చూడటమే మంచిది.

వాకిలికి కొత్త కాపలా

1103 ప్రాంతంలో రతి చనిపోయాడు. దావిత్ వెంటనే క్ల్దెకారిని రాజుగారి భూమిలో కలిపేశాడు. అదే ఏడాది రూయిస్-ఉర్బ్నిసిలో మతసభ పెట్టించి, దొరల ఇళ్ల నుంచి పలుకుబడితో బిషప్పులైన అనర్హులను తీసేయించాడు. కోటల్లోనూ చర్చిలోనూ పదవి వారసత్వంగా రావడం మీదే ఆయన గురి.

తన ముత్తాత తండ్రి మూడో బగ్రత్‌కు ఎదురైన పాత ప్రశ్న ఆయనకూ ఎదురైంది. మరి ఆ కనుమను ఎవరు కాయాలి? 1110 నాటికి జవాబు కనిపిస్తుంది. త్రియలేతి, క్ల్దెకారి తెవ్‌దొరె అనే అతని చేతిలో ఉన్నాయి. రాజుకు కుడిభుజమైన మంత్రి, ఛ్ఖోన్‌దిది బిషప్ గియోర్గికి మేనల్లుడో అన్న కొడుకో అయిన మనిషి. ఆ కొండలతో అతనికి తాతల నాటి లంకె లేదు. అతను చూడాల్సింది ఒక్క రాజు ముఖమే. ఆ ఏడాదే అతనూ గియోర్గీ మరికొందరూ కలిసి, ఇవానె బగ్వాషి సెల్జూకులకు పోగొట్టుకున్న సంష్విల్దెను తిరిగి పట్టుకున్నారు.